రెండు మార్చి 31లు

మొన్న మన సంఘం సమావేశంలో ఒక పెద్దాయన, “వ్యాపార చదువుల్లో నీతి పాఠాలు పెడితే ఈ కుంభకోణాలు ఉండవు కదండీ” అన్నారు. కాఫీ వేళ వాదన ఎందుకని ఊరుకున్నాను. జవాబు ఇక్కడ రాస్తున్నాను.

పాఠాలకేం కొదవ? సత్యం కంప్యూటర్స్ స్థాపించిన రామలింగరాజు అమెరికాలో ఎంబీఏ చదివారు. 2008లో ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్‌కే గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న ఆయనే లేఖ రాసి, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవన్నారు. నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం ఆడిటర్ల తీరు. నిల్వ ఎంతో చెప్పమని బ్యాంకుకు ఆడిటరే రాయాలి, జవాబు నేరుగా ఆడిటరుకే రావాలి. ఆ ఉత్తరాల పనిని కంపెనీకే వదిలేశారని అమెరికా షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2011లో తప్పుపట్టింది. మా సీఏ విద్యార్థులకు కూడా తెలిసిన నియమం అది!

సీఏ చదువులో భాగంగా ఆడిటర్ దగ్గర పని నేర్చుకునే ఆర్టికల్‌షిప్‌లో నేను చేరిన మొదటి ఏడు, లెక్కల సంవత్సరం ముగిసే మార్చి 31న చెన్నై గోడౌన్ స్ట్రీట్‌లో ఒక బట్టల కొట్టుకు సరుకు లెక్కకు వెళ్లాను. యజమాని మన తెలుగాయనే. “పై అరల్లోనూ ఇంతే తమ్ముడూ, రాసేసుకో” అని కాఫీ తెప్పించారు. రాసేశాను. సాయంత్రం మా ప్రిన్సిపల్ గారు, అంటే నాకు పని నేర్పే ఆడిటర్, కాగితం చూసి, “పై అరలు నువ్వు చూశావా, ఆయన చెప్పారా?” అన్నారు. ఆ రాత్రే నన్ను వెంటబెట్టుకుని వెళ్లి నిచ్చెన ఎక్కించారు. ముందు వరుసలో తానులున్నాయి. వెనక ఖాళీ అట్టపెట్టెలు. నేను రాసిన అంకె కొట్టేయించి, కొట్టివేత పక్కన నా చేతే సంతకం పెట్టించారు. మరుసటి ఏడు ఆ కొట్టు ఆడిట్ మాకు రాలేదు. దాని గురించి మా ప్రిన్సిపల్ గారు ఒక్కసారి కూడా బాధపడగా నేను చూడలేదు.

2023లో సీఏ కోర్సు మార్చారు. ఇంటర్మీడియట్ ఆడిటింగ్ పేపరు పేరులోకి ‘ఎథిక్స్’ వచ్చి చేరింది. అదే మార్పులో ఆర్టికల్‌షిప్ మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. పిల్లలకు చదువుకునే తీరిక దొరుకుతుందన్నారు, నిజమే. కానీ నీతిని పేపరులోకి చేర్చి, అది కంటపడే చోట ఏడాది కోసేయడం నాకు మింగుడుపడటం లేదు. అన్ని ఆఫీసుల్లోనూ అలాంటి ప్రిన్సిపల్ దొరకరని మీరనవచ్చు. దొరకరు. కాకి లెక్కలు నేర్పే చోట్లూ ఉన్నాయి. తనిఖీ పెట్టాల్సింది అక్కడ, సిలబస్‌లో కాదు.

ఈసారి మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయిని సరుకు లెక్కకు పంపాను. వెళ్లేముందు, “అక్కడ నిచ్చెన ఉంటుందా సార్?” అని అడిగింది. ఆమెకు మా దగ్గర దక్కేవి రెండే మార్చి 31లు. ఒకటి అయిపోయింది.