కుండీలో మొక్క, వేదిక మీద వరద

బెంగళూరులోని ఒక విశ్వవిద్యాలయంలో గత నెల ఒక శనివారం నాడు పర్యావరణ చట్టాలు, విధానాలపై జరిగిన సదస్సులో ఒక కుండీ మొక్కకు ఏడుగురు ప్రముఖులు నీళ్లు పోశారు. నేను వేళాకోళానికి చెబుతున్న మాట కాదు. ఆహ్వానపత్రికలో 'మొక్కకు నీరు పోసి ప్రారంభోత్సవం, 10.00 నుంచి 10.10 వరకు' అని అచ్చు వేసి మరీ ఉంది. పది నిమిషాల ఆ పనికి నలభై నిమిషాలు పట్టింది. సాయంత్రం ప్రశ్నలకని ఇరవై నిమిషాలు కేటాయించారు గానీ, చివరికి మిగిలినవి నాలుగు. ఈ రెండు లెక్కలకూ సంబంధం ఉందని నా గట్టి నమ్మకం. దీన్ని శాస్త్రీయంగా నిరూపించడానికి ఏ నిపుణుల సంఘమూ అక్కర్లేదు, చేతి గడియారం చాలు.

పూర్వం సభలు జ్యోతి వెలిగించి మొదలుపెట్టేవారు. నూనె దీపం పొగ వస్తుంది కనుక పర్యావరణ సభలకు అది తగదని ఎవరో మహానుభావుడికి తట్టి ఉంటుంది. నాటి నుంచి ఈ ఊళ్లో వాతావరణం పేరు ఉన్న ప్రతి సభలోనూ ఒక మొక్క, ఒక రాగి చెంబు సిద్ధంగా ఉంటున్నాయి. ఆ శనివారం కూడా ఉన్నాయి. ప్లాస్టిక్ కుండీలో రెండు జానల క్రోటన్ మొక్క, దాని చుట్టూ బంతిపూల దండ, వెనుక థర్మాకోల్‌తో కోసి అతికించిన అక్షరాల్లో సదస్సు పేరు. అలంకరణకు థర్మాకోల్ వాడకాన్ని 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారన్న సంగతి సభలో అందరికీ తెలుసు. ఎందుకంటే ఆ నిషేధం మీదే మధ్యాహ్నం ఒక ప్రసంగం ఉంది.

ముందుగా ఉపకులపతి చెంబు అందుకున్నారు. ఆయన చేయి పెద్దది, మనసు ఇంకా పెద్దది. సగం చెంబు ఒక్క ఊపున పోసేశారు. ఫొటోగ్రాఫరు ఆ క్షణాన్ని అందుకోలేకపోయి 'సార్, వన్స్ మోర్' అని ప్రాధేయపడ్డాడు. మిగిలిన సగం కూడా పోశారు. చెంబు మళ్లీ నింపుకొచ్చారు. విశ్రాంత న్యాయమూర్తి గారు తీర్పు చదువుతున్నంత నిదానంగా, సన్నటి ధారగా, మట్టి ఎంత పీల్చుకుంటుందో విచారించి మరీ పోశారు. ఆయన వంతుకే ఎనిమిది నిమిషాలు గడిచాయి. మూడో వారు ఒక ప్రభుత్వాధికారి. ఆయన పోస్తుండగానే కుండీ నిండి, మట్టి పైకి తేలి, అంచు మీదుగా ఎర్రటి నీళ్లు తివాచీ మీదికి జారడం మొదలైంది. ఇక్కడితో ఆపవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. కానీ నాలుగో వారు సదస్సుకు డబ్బు ఇచ్చిన బిల్డరు గారు. డబ్బు ఇచ్చిన మనిషిని మొక్కకు నీళ్లు పోయనివ్వకుండా ఎవరు ఆపగలరు? ఆయన పోశారు. అయిదో వారు పోసేసరికి మొక్క ఒక పక్కకు ఒరిగింది, నీళ్లు వేదిక వాలు వెంట మైకు తీగలు కలిసే ఎక్స్‌టెన్షన్ పెట్టె వైపు తమ సహజ మార్గాన ప్రయాణం సాగించాయి. ఈ ఊళ్లో వాన నీళ్లకు కూడా దొరకనంత నిరాటంకమైన ప్రవాహమార్గం వాటికి దొరికింది. ఎలక్ట్రీషియన్ కుర్రవాడు చెప్పులు వదిలేసి పరుగెత్తుకొచ్చి పెట్టెను కుర్చీ మీద పెట్టాడు. సభలో చప్పట్లు మోగాయి, అది కూడా కార్యక్రమంలో భాగమే అనుకున్నట్టున్నారు.

ఆరో అతిథి ఒక ముసలావిడ, వృక్షశాస్త్రం బోధించి రిటైరైన మనిషి. ఆమె ఖాళీ చెంబు అందుకుని, మొక్క మీదికి వంచినట్టు వంచి, కెమెరా వైపు చూసి నవ్వి, చెంబు కింద పెట్టేశారు. ఆ రోజంతటిలో పర్యావరణాన్ని కాపాడిన మనిషి ఆమె ఒక్కరే. ఏడో వారు మాత్రం చెంబు తిరిగి నింపించుకున్నారు.

దరిమిలా ఏడుగురికీ మైసూరు పేటాలు (అంటే తలపాగాలు), శాలువలు, గంధపు దండలు, మెరిసే ప్లాస్టిక్ కాగితం చుట్టిన పళ్లబుట్టలు. దాని గురించి రాయడం దండగ. ఈ ఊళ్లో సభలకు వెళ్లేవారెవరికీ అది కొత్త కాదు.

తొలి ప్రసంగం చేసిన ఆచార్యులు గుంటూరు జిల్లా వారు. కాఫీ దగ్గర నన్ను పలకరించి, బెంగళూరులో దొరికే గోంగూరకు పులుపు ఉండదని చక్కటి తెలుగులో వాపోయారు. ఆయన ఎంచుకున్న అంశం 1999లో సుప్రీంకోర్టు చెప్పిన ఎం.వి. నాయుడు కేసు తీర్పు. హైదరాబాదుకు మంచినీరు ఇచ్చిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహక ప్రాంతంలో కాలుష్యానికి అవకాశమున్న పరిశ్రమ పెట్టవచ్చా అన్నది వివాదం. హాని జరగదని నిరూపించవలసిన భారం పరిశ్రమ పెట్టేవాడి మీదే ఉంటుంది తప్ప, హాని జరుగుతుందని నిరూపించే భారం ఆ నీళ్లు తాగేవాడి మీద ఉండదని ఆ తీర్పు సారం. ఆచార్యులు దీన్ని అద్భుతమైన ఇంగ్లీషులో, నలభై స్లైడ్లతో వివరించారు. అదే జలాశయాల కోసం 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో వచ్చిన 111వ నంబరు జీవో ఆంక్షలను 2022లో తెలంగాణ ప్రభుత్వం ఎత్తివేసిన సంగతి మాత్రం నలభై స్లైడ్లలో ఎక్కడా రాలేదు. చోటు చాలలేదేమో.

రెండో వక్త ఈ ఊళ్లోనే ఉన్న బెళ్లందూరు చెరువును పట్టుకున్నారు. 2017 ఫిబ్రవరిలో ఒకసారి, 2018 జనవరిలో మరోసారి ఆ చెరువుకు మంటలు అంటుకున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మన సామెత; చెరువు కాలాక కమిటీ వేయడం దానికి బెంగళూరు తెచ్చిన సవరణ. చెరువుల చుట్టూ 75 మీటర్ల మేర కట్టడాలు ఉండరాదని 2016లో పర్యావరణ వివాదాలు విచారించే జాతీయ హరిత ట్రైబ్యునల్ చెప్పడం, 2019 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేయడం ఆయన వరుసగా వివరించారు. కొట్టివేత దగ్గరకు వచ్చేసరికి ముందు వరుసలో బిల్డరు గారి పేటా మెల్లగా, నిండు అంగీకారంతో ఊగింది.

మూడో ప్రసంగం ముందస్తు అనుమతి గురించి. పర్యావరణ అనుమతి తీసుకున్నాకే పని మొదలుపెట్టాలని 2006 నాటి నోటిఫికేషన్ చెబుతుంది. ముందు కట్టేసి, తరువాత అనుమతి తెచ్చుకునే పద్ధతి చెల్లదని 2025 మే 16న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పునే నవంబరు 18న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇద్దరొకవైపు, ఒకరొకవైపుగా వెనక్కి తీసుకుంది. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని విన్నాను గానీ, మొరిగిన ఆరు నెలలకు ఆ మొరుగును ఉపసంహరించుకోవడం వినడం ఇదే ప్రథమం. ఇక శిక్షల మాటంటారా, 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టంలో అయిదేళ్ల దాకా ఉండిన జైలుశిక్షను 2023 నాటి జన విశ్వాస్ చట్టం తీసివేసి, పది వేల నుంచి పదిహేను లక్షల రూపాయల దాకా జరిమానాగా మార్చింది. పదిహేను లక్షలంటే ఈ ఊళ్లో ఒక ఫ్లాటుకు అడ్వాన్సు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నాడు వెనకటివాడు. కాళ్లు కడుక్కునే నీళ్లకు ధరల పట్టిక అంటించి పెట్టారు ఇప్పటివాళ్లు.

నాలుగోది 'ప్రజా భాగస్వామ్యం'. ఆ మాట తెర మీద కనీసం పదిహేనుసార్లు కనిపించింది. 2020లో, ప్రాజెక్టుల వల్ల పర్యావరణానికి కలిగే హానిని ముందే లెక్కగట్టే నిబంధనల (పర్యావరణ ప్రభావ మదింపు) ముసాయిదాను కేంద్రం ఇంగ్లీషు, హిందీల్లో మాత్రమే వెలువరించి అభిప్రాయాలు చెప్పమంది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకీ అనువదించాలని ఢిల్లీ హైకోర్టు ఆ జూన్ 30న ఆదేశిస్తే, అనువదించడం మాని కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అనువాదానికయ్యే ఖర్చు ఎక్కువో, సుప్రీంకోర్టులో వకీళ్లకయ్యే ఖర్చు ఎక్కువో నాకు తెలియదు. తన ఊరి పక్కన గని వస్తుందో కర్మాగారం వస్తుందో తెలుసుకోవాలంటే తెలుగువాడు, కన్నడిగుడు, తమిళుడు ముందుగా ఇంగ్లీషు నేర్చుకుని రావాలన్నమాట. ఇదంతా వక్త గారు తీవ్రంగా గర్హించారు. ఇంగ్లీషులో గర్హించారు.

ఆ తరువాత ప్రశ్నలకు నాలుగు నిమిషాలు ఉన్నాయని ప్రకటించారు. మొదటి మూడు నిమిషాలు ఒక పరిశోధక విద్యార్థి తన సిద్ధాంత గ్రంథం గురించి చెప్పుకున్నాడు. అప్పుడు చివరి వరుసలోంచి ఒకాయన లేచారు. తెల్ల పంచె, భుజం మీద ఆకుపచ్చ కండువా, అరవై దాటిన మనిషి. కోలారు దగ్గరి పల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చారట. మైకు ఆయన దాకా రాలేదు. అయినా గొంతు వినిపించింది.

"అయ్యా, మీ ఊరు వాడి పారేసిన నీళ్లే మా చెరువుకి వస్తా ఉండాయి. వద్దనడం లేదు. ఇంకో తూరి శుద్ధి చేసి ఇడవండని అడగాల. దానికి అర్జీ ఎవురికి ఇయ్యాల? యా ఆపీసులో?"

కోరమంగల–చల్లఘట్ట లోయ పథకం గురించి ఆయన అడుగుతున్నారు. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి, రోజుకు 44 కోట్ల లీటర్ల మేర పంపి, కోలారు ప్రాంతంలో 126 చెరువులు నింపాలన్నది ఆ పథకం. 2018 జూన్‌లో లక్ష్మీసాగర చెరువుకు తొలిగా నీళ్లు చేరాయి. జులైలో అదే చెరువులో నురగ లేచింది. హైకోర్టు ఒకసారి ఆపింది, సుప్రీంకోర్టు ఇంకోసారి ఆపింది, రెండు సార్లూ మళ్లీ సాగింది. శుద్ధి రెండో దశతోనే ఆగిపోతున్నదని, మూడో దశ కూడా చేయాలని అక్కడివారు నాటి నుంచీ అడుగుతున్నారు. రెండో దశలో గాలి ఊది, సూక్ష్మజీవుల చేత కుళ్లును తినిపిస్తారు. మన బట్టల సబ్బుల్లోని ఫాస్ఫేటు, ఇతర లవణాలు చాలావరకు నీళ్లలోనే మిగులుతాయి. వాటిని తీసేది మూడో దశ. బోర్లు ఎండిపోయిన నేల కాబట్టి, వచ్చే నీళ్లను ఆయన కాదనడం లేదు. ఆయన అడిగినది ఒక్కటే: కాగితం ఎవరికి రాయాలి?

వేదిక మీద చట్టం చదువుకున్నవారు నలుగురు ఉన్నారు. తెలుగు వచ్చినవారు నాకు తెలిసి ముగ్గురు. గోంగూర పులుపు గురించి తెలుగులో బాధపడిన ఆచార్యులు గడియారం చూసుకున్నారు. సభ నడుపుతున్న యువతి చాలా మర్యాదగా, ఇంగ్లీషులో, "ఈ విషయం ఆఫ్‌లైన్‌లో మాట్లాడుకుందాం సార్" అన్నది. ఆమె తప్పేమీ లేదు. ఆమె చేతికిచ్చిన కాగితంలో అలాగే ఉండి ఉంటుంది.

ఆఫ్‌లైన్ అంటే ఏమిటయ్యా? ఆ మనిషి వంద రూపాయల పైచిలుకు బస్సు చార్జీ పెట్టుకుని, ఒక రోజు పని పోగొట్టుకుని, మీ ఎదుట కళ్లముందు నిలబడి ఉంటే, ఇంతకంటే ఆఫ్‌లైన్ ఎక్కడ ఉంటుంది? నిరూపణ భారం నీళ్లు తాగేవాడి మీద ఉండదని పొద్దున నలభై స్లైడ్లతో చెప్పిన నోటికి, ఆ నీళ్లు తాగేవాడు మాతృభాషలో అడిగితే ఒక ఆఫీసు పేరు చెప్పడం చేతకాలేదా? చేతకాకపోతే తెలియదని చెప్పండి, అది కూడా జవాబే. నలభై నిమిషాలు ఒక మొక్కను ముంచారు. ఏడు పేటాలు, ఏడు శాలువలు, ఏడు బుట్టలు ఇచ్చుకోవడానికి ఇరవై నిమిషాలు దొరికాయి. చెరువు ఉన్న మనిషికి ఒక్క నిమిషం దొరకలేదు. మన స్నానాల గదుల్లోంచి, మన వాషింగు మిషన్లలోంచి పోయిన నీళ్లే ఆయన పొలం గట్టు దాకా వెళుతున్నాయి. సిగ్గుపడవలసింది ఇంగ్లీషు రానందుకు ఆయనా?

జాతీయ గీతం అయ్యాక నేను ఆయన దగ్గరకు వెళ్లాను. తలుపు దగ్గర ఇద్దరు విద్యార్థులు అభిప్రాయ పత్రాలు పంచుతున్నారు. 'సదస్సులో ప్రజా భాగస్వామ్యానికి ఒకటి నుంచి అయిదు వరకు మార్కులు వేయండి' అని ఇంగ్లీషులో ఉంది. నేను చదివి చెప్పాను. ఆయన ఆలోచించి, పిల్లలు కష్టపడ్డారు పాపం అని, నాలుగు వేయించారు. నర్సరీ కుర్రవాడు ఈలోగా క్రోటన్ కుండీని మెట్ల పక్కన వొంచి నీళ్లు పారబోస్తున్నాడు. కుండీ అడుగున తెల్ల రంగుతో 12 అని రాసి ఉంది. అది అద్దె మొక్క, ఆదివారం ఇంకో సభకు వెళ్లాలట.

పత్రం చివర 'ఇతర సూచనలు' అని ఒక గీత ఉంది. అక్కడ తన ప్రశ్న రాయవచ్చా అని ఆయన అడిగారు. కోలారు వైపు తెలుగువారు చాలామంది లాగే ఆయనకు తెలుగు మాట్లాడడమే తప్ప రాయడం రాదు. కన్నడ లిపిలో, గుండ్రటి అక్షరాలతో మొదలుపెట్టారు. ఊరి పేరు, చెరువు పేరు రాసేసరికి గీత అయిపోయింది. కాగితం తిప్పారు. వెనకవైపు బిల్డరు గారి ప్రకటన, నీలంగా మెరిసే ఒక చెరువు, దాని ఒడ్డున పద్దెనిమిది అంతస్తులు. ఆ నీలం మీద పెన్ను పెట్టి రెండుసార్లు గీశారు. కాగితం నునుపుకు సిరా పట్టలేదు.

"ఇంకో పెన్ను ఉండాదా సామీ?" అని అడిగారు.