ఉన్న ఫైలే లేదట

నిన్న క్లయింట్‌కి డెమో. కొత్త ల్యాప్‌టాప్, అప్పుడే దించిన కోడ్. అప్లికేషన్‌లోని ఒక్కో భాగాన్ని ఒక్కో కంటైనర్‌లో (విడి డబ్బాలాంటిది) పెట్టి అన్నిటినీ ఒకేసారి లేపే డాకర్ కంపోజ్ అప్ కొడితే డేటాబేస్ లేచింది, మెమొరీలో డేటా ఉంచే రెడిస్ లేచింది, మా సర్వర్ ప్రోగ్రామ్ ఏపీఐ మాత్రం లేవలేదు. స్క్రీన్ షేర్ అప్పటికే ఆన్‌లో ఉంది.

లాగ్‌లో ఏపీఐని మొదలుపెట్టే స్క్రిప్టు స్టార్ట్ డాట్ ఎస్‌హెచ్ పేరు, పక్కన "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ". రీస్టార్ట్ ఆల్వేస్ అని పెట్టారు కాబట్టి చావడం, లేవడం, మళ్లీ అదే మాట. ఎంట్రీపాయింట్ (కంటైనర్ లేవగానే నడిచే కమాండ్) మార్చి కంటైనర్‌లోకి దూరి, ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కొట్టాను. ఎగ్జిక్యూట్ పర్మిషన్‌తో సహా ఫైలు నిక్షేపంగా ఉంది.

"ఉందండీ" అన్నాను.

"మరి లేదంటోంది కదా?" అన్నారు మేనేజర్ గారు.

"లేదనే అంటోంది సార్. కానీ ఉంది."

క్లయింట్ మ్యూట్‌లోకి వెళ్లిపోయాడు. నవ్వడానికే అయ్యుంటుంది.

ఇంతలో మా లీడ్ గారు, "నా మ్యాక్‌లో బాగానే నడుస్తోందే! నో క్యాష్ పెట్టి మళ్లీ బిల్డ్ చెయ్" అన్నారు. అంటే కంటైనర్‌కి అచ్చులాంటి ఇమేజ్‌ని, పాతదేదీ వాడుకోకుండా మొదటినుంచీ కట్టమని. చేశాను. లైబ్రరీలు దించే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ పాకుతుంటే అందరం చూస్తూ కూర్చున్నాం. ఇమేజ్‌ని ఎంత కొత్తగా కట్టినా ఏం లాభం, కంపోజ్ ఫైల్‌లో ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని తెచ్చి కంటైనర్‌లోని స్లాష్ యాప్ ఫోల్డర్ మీద మౌంట్ చేసింది సాక్షాత్తూ ఆయనే, ఇమేజ్‌లో అక్కడున్నదంతా దాని కింద పడి కనబడకుండా పోతుంది, నడిచేది నా ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫైలే. చెప్పాను కూడా. వింటేగా.

చివరికి ఫైల్లో ఉన్నది చూపే క్యాట్ కమాండ్‌కి, కనబడని అక్షరాల్నీ చూపమని క్యాపిటల్ ఏ తగిలించి చూస్తే ప్రతి లైను చివరా ^M. విండోస్‌లో గిట్ కోడ్ దించేటప్పుడే లైన్ ఎండింగులు లైనక్స్ వాడే ఎల్‌ఎఫ్ నుంచి విండోస్ వాడే సీఆర్‌ఎల్‌ఎఫ్‌గా మార్చేసింది, ఆ అదనపు సీఆరే ఈ ^M. దాంతో మొదటి లైన్లో, స్క్రిప్టుని నడిపే షెల్ ఏదో చెప్పే బిన్ ఎస్‌హెచ్‌కి కంటికి కనబడని తోక ఒకటి మొలిచింది. కంటైనర్‌లోని లైనక్స్ ఆ తోకతో సహా వెతికింది, అలాంటి షెల్ ఎక్కడుంటుంది? దొరకనిది షెల్ అయితే లేదన్నది స్క్రిప్టుని. పురోహితుడు రాకపోతే పెళ్లికొడుకే లేడని ఊరంతా చాటింపు వేసినట్టు! ఆ ఎర్రర్ రాసిన మహానుభావుడు ఇంకొక్క మాట రాస్తే ఏం పోయేది?

వీఎస్ కోడ్‌లో కింద కుడివైపు సీఆర్‌ఎల్‌ఎఫ్ మీద నొక్కి ఎల్‌ఎఫ్ చేసి సేవ్ కొట్టి, అన్నీ దించి మళ్లీ లేపాను. ఏపీఐ లేచింది, లేస్తూనే "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అంది. ఈసారి మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ ఇంకా సిద్ధం కాలేదు.

"డిపెండ్స్ ఆన్ రాశాను కదా" అన్నారు లీడ్ గారు, డేటాబేస్ తర్వాతే ఏపీఐ లేవాలని చెప్పే లైను గురించి. అది కంటైనర్ మొదలైందా అనే చూస్తుంది సార్, లోపల డేటాబేస్ రెడీ అయిందో లేదో తెలియాలంటే హెల్త్‌చెక్ రాసి సర్వీస్ హెల్తీ అని కండిషన్ పెట్టాలి అని మొదలుపెట్టేసరికి, ఆయన ఇంకో కాల్ ఉందని దిగిపోయారు.