భూకంపానికి వాల్వు విరగదు, అసలు సమస్య అది కాదు

అణు విద్యుత్ ప్లాంటు, భూకంపం అన్న రెండు మాటలు ఒకే వార్తలో కనిపిస్తే చాలు, చర్చంతా కాంక్రీటు మీదికి వెళ్లిపోతుంది. గోడ ఎంత మందం, పునాది రాతి మీద ఉందా మట్టి మీద ఉందా, ఎంత తీవ్రత దాకా ఆగుతుంది, ఇవే ప్రశ్నలు. కానీ రియాక్టర్ ఆగిపోయాక కూడా లోపలి ఇంధనం వేడి పుట్టిస్తూనే ఉంటుంది. దాన్ని చల్లబరిచేది నీళ్లు, ఆ నీళ్లు ఎటు పోవాలో ఎటు పోకూడదో తేల్చేది వాల్వు. ఒక్కో ప్లాంటులో ఇవి వేలల్లో ఉంటాయి. వీటి గురించి ఎవరైనా మాట్లాడినా "భూకంపాన్ని తట్టుకుంటాయా?" అని అడిగి, "తట్టుకుంటాయి, టెస్ట్ చేశాం" అన్న జవాబు విని ఊరుకుంటారు. జవాబు చాలావరకు నిజమే. ప్రశ్నే తప్పు.

ముందు టెస్టుల సంగతి, ఎందుకంటే ఆ పని చూస్తే నాకు నిజంగా ముచ్చటేస్తుంది. పెద్ద మోటారు వాల్వుని పక్కనుంచి చూడండి: కింద పైపు, దాని మీద వాల్వు బాడీ, ఆ పైన మోటారుని మోసే చట్రం (యోక్), అన్నిటికన్నా పైన బరువైన మోటారు, గేర్‌బాక్స్. నేల ఊపుని భవనం పెంచుతుంది, భవనం ఊపుని పైపు ఇంకా పెంచుతుంది, మోటారు దగ్గరికి చేరేసరికి అది నేల మీద కొలిచిన ఊపు కాదు. అందుకే వాల్వు సహజ పౌనఃపున్యం, అంటే తనంతట తాను సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క, 33 హెర్ట్జ్ దాటేలా బిగువుగా తయారుచేయాలని చూస్తారు, భూకంపం శక్తి చాలావరకు అంతకన్నా కిందే ఉంటుంది కాబట్టి. భూకంపంలా ఊపే షేక్ టేబుల్ మీద ముందు ఐదు చిన్న భూకంపాలు, ఆ తర్వాత ఒక పెద్దది చూపిస్తారు. వాల్వు టేబుల్ ఎక్కించలేనంత పెద్దదైతే భూకంపమంత బలంతో మోటారుని పక్కకి లాగి పట్టుకుని, అలా వంచిన స్థితిలోనే తెరిచి మూస్తారు. పోత ఇనుము యోక్ కనిపిస్తే అనుమానిస్తారు, ఊగినప్పుడు పక్కనున్న ఉక్కు దూలానికి తగులుతుందేమో కొలుస్తారు.

ఫలితం కూడా కనిపిస్తోంది, కాదనను. 2007లో జపాన్ కషివాజాకి-కరివా ప్లాంటులో 1వ యూనిట్ పునాది దగ్గర 680 గాల్ (నేల ఊపు త్వరణాన్ని కొలిచే యూనిట్) త్వరణం నమోదైంది, డిజైన్ లెక్క 273 మాత్రమే, అయినా భద్రతా పరికరాలు పనిచేశాయి. 2011 జపాన్ భూకంప కేంద్రానికి అన్నిటికన్నా దగ్గరున్న అణు ప్లాంటు ఒనగావా, అదీ నిలబడింది. అదే ఏడాది ఆగస్టులో అమెరికాలోని నార్త్ అన్నాలో ఊపు డిజైన్ హద్దు దాటింది, తనిఖీలో చెప్పుకోదగ్గ నష్టమేమీ బయటపడలేదు. ఇంజనీర్లు ఇవన్నీ చూపించి "ఇంకేం కావాలి?" అంటారు.

ఇంకా చాలా కావాలి. 2011 మార్చి 11, జపాన్‌లోని ఫుకుషిమా దాయిచి 1వ యూనిట్ చూడండి. మధ్యాహ్నం 2:46కి భూకంపం. 2:52కి ఐసొలేషన్ కండెన్సర్, అంటే రియాక్టర్ ఆవిరిని చల్లబరిచి నీళ్లుగా వెనక్కి పంపే ఏర్పాటు, దానంతటదే మొదలైంది, అంటే వాల్వులు ఊపుని తట్టుకుని తెరుచుకున్నాయన్నమాట. రియాక్టర్ గంటకి 55 డిగ్రీలకి మించి చల్లబడకూడదన్న రూలు ఉంది కాబట్టి ఆపరేటర్లు ఒక వాల్వుని మూస్తూ తెరుస్తూ నడిపించారు. సునామీ వచ్చి కరెంటు పోయేసరికి ఆ వాల్వు మూసి ఉంది. అంతటితో అయిపోలేదు. పైపు పగిలితే వాల్వులన్నీ మూసెయ్యమని చెప్పే సర్క్యూట్ ఒకటి ఉంది, దానికి కరెంటు పోతే పైపు పగిలినట్టే లెక్క. భద్రత కోసం పెట్టిన ఆ ఏర్పాటే మిగతా వాల్వులకి కూడా మూసుకోమని ఆర్డరిచ్చింది. రియాక్టర్ చుట్టూ ఉన్న రక్షణ కవచం లోపలి వాల్వులు కరెంటు పూర్తిగా పోయేలోపు ఎంతవరకు మూసుకున్నాయో ఎవరికీ తెలియదు, కంట్రోల్ రూమ్‌లో లైట్లన్నీ ఆరిపోయాయి. ఆ కండెన్సర్‌ని నిజంగా నడిపిన అనుభవం అక్కడున్న ఆపరేటర్లలో ఒక్కరికీ లేదు. బయట అత్యవసర కేంద్రంలో కూర్చున్నవాళ్లేమో అది నడుస్తోందనే అనుకున్నారు.

ఆ తర్వాతి రోజు ఒత్తిడి తగ్గించే వెంట్ వాల్వుల కథ. మోటారుది ఒకటి మనుషులు లోపలికి వెళ్లి చేత్తో నాలుగో వంతు తెరిచారు. రెండోదాని కోసం వెళ్లిన బృందం రేడియేషన్ ఎక్కువై వెనక్కి వచ్చేసింది, అది గాలి ఒత్తిడితో తెరుచుకునే రకం, గాలి లేదు, చివరికి ఎక్కడినుంచో పోర్టబుల్ కంప్రెసర్ వెతికి తెచ్చారు. పక్క యూనిట్లలో రియాక్టర్ ఒత్తిడి వదిలే రిలీఫ్ వాల్వులు తెరవడానికి కార్ల బ్యాటరీలు ఊడదీసి వరసగా కలిపారు. ఏ షేక్ టేబుల్ టెస్టులో ఇవి అడుగుతారు? ఇక్కడ కథ నడిపింది విరిగిన వాల్వు కాదు, కదలని వాల్వు, ఎటుందో తెలియని వాల్వు.

ఎటుందో తెలియకపోవడం ఈ రంగంలో పాత రోగం. 1979లో అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ ప్లాంటులో రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయింది, ప్యానెల్ మీద లైటు మాత్రం మూసుకున్నట్టే చూపించింది, ఎందుకంటే ఆ లైటు చెప్పేది మూయమని సిగ్నల్ వెళ్లిందన్న సంగతే, వాల్వు మూసుకుందని కాదు. 1985లో అక్కడిదే ఇంకో ప్లాంటు డేవిస్-బెస్సీలో ఆవిరి జనరేటర్లకి నీళ్లిచ్చే రెండు వాల్వులు పొరపాటున మూసుకుని, తిరిగి కంట్రోల్ రూమ్ నుంచి తెరుచుకోలేదు. స్విచ్ సెట్టింగు తప్పు, అదీ రెండింట్లోనూ ఒకే తప్పు. మనుషులు పరుగెత్తి చేత్తో తెరిచారు. అప్పుడు గానీ అమెరికా రెగ్యులేటర్ కళ్లు తెరవలేదు, అసలైన ఒత్తిడి కింద మోటారు వాల్వులు పనిచేస్తాయో లేదో నిరూపించమని 1989లో ఆదేశమిచ్చింది. 2010లో మరో అమెరికా ప్లాంటు బ్రౌన్స్ ఫెర్రీలో ఇంకా విచిత్రం: అత్యవసర నీళ్లు పంపే లైన్లో వాల్వు స్టెమ్ (వాల్వుని కదిపే కడ్డీ) నుంచి డిస్క్ (నీళ్లకి అడ్డుపడే పలక) ఊడిపోయి ఉంది. స్టెమ్ కదులుతుంది, డిస్క్ కదలదు, నీళ్లు పోవు. రెగ్యులేటర్ దానికి అత్యంత తీవ్రమైన ఎర్ర రేటింగ్ ఇచ్చింది.

ఈ మూడింట్లో భూకంపం లేదు, భూకంపాల వ్యాసంలో ఎందుకు చెబుతున్నావంటారు. మామూలు రోజున ఇలాంటి దాగున్న లోపం ఒకసారికి ఒకటే బయటపడుతుంది, సరిచేసుకోవడానికి టైమూ, కరెంటూ, మనుషులూ ఉంటారు. భూకంపం వస్తే ప్లాంటులో అన్ని వాల్వులకీ ఒకే నిమిషంలో పరీక్ష. కరెంటుతో నడిచే చిన్న స్విచ్చులైన రిలేలు ఊపుకి టకటకా కొట్టుకుని, ఎవరూ ఇవ్వని ఆర్డర్లు మోటార్లకి పంపొచ్చు. ఒకటి చెడితే ఇంకోటి ఉంటుందని రెండు లైన్లు పెట్టాం కదా అన్న ధైర్యం అక్కడ పనికిరాదు, రెండు లైన్లూ ఊగేది ఒకేసారి, రెండింటి సెట్టింగులూ చేసింది ఒకే మెయింటెనెన్స్ టీమ్.

నాకు అసలు కోపం వాల్వు మీద కాదు, సర్టిఫికెట్ మీద. ఫైల్లో సంతకం ఉంటే భద్రత ఉన్నట్టే అనుకునే అలవాటు మీద. 2012, 2013ల్లో దక్షిణ కొరియాలో వేల విడిభాగాలకి నాణ్యతా పత్రాలే నకిలీవని తేలి రియాక్టర్లు ఆపాల్సొచ్చింది. ప్రమాదంలో భద్రతా వ్యవస్థలకి సిగ్నల్ మోయాల్సిన కంట్రోల్ కేబుళ్ల టెస్టు రిపోర్టులూ వాటిలో ఉన్నాయి. సర్టిఫికెట్ నిజమైనదే అయినా అది చెప్పేది ఒక నమూనా వాల్వు కొత్తగా ఉన్నప్పుడు ల్యాబ్‌లో ఎలా ఉందన్నదే. ముప్పై ఏళ్ల వేడికి గ్రీజు గట్టిపడ్డాక, స్టెమ్ చుట్టూ లీకు ఆపే ప్యాకింగ్ బిగించి బిగించి స్టెమ్ పట్టేశాక దాని సంగతి ఆ కాగితానికేం తెలుసు?

ఇప్పుడు కొత్త డిజైన్లవాళ్లు కరెంటే అక్కర్లేదు, మనిషే అక్కర్లేదు అంటున్నారు. ఏపీ1000 అనే అమెరికా రియాక్టర్ డిజైన్‌లో 72 గంటల పాటు గురుత్వాకర్షణే నీళ్లు పంపుతుందట. బాగుంది, కానీ ఆ నీళ్లు కదలాలంటే ముందు వాల్వులు తెరుచుకోవాలి, వాటిలో కొన్ని చిన్న పేలుడు మందుతో తెరుచుకునే స్క్విబ్ వాల్వులు. బిగించిన వాల్వునే పేల్చి చూసుకోలేం, మందుని అప్పుడప్పుడు తీసి విడిగా కాల్చి చూసి, మిగతాదంతా నమ్ముకోవాల్సిందే.

కాబట్టి రెగ్యులేటర్లని అడగాల్సింది ఇదీ: స్టెమ్ ఎటుందో కాదు, పైపులో నీళ్లు నిజంగా పోతున్నాయో బ్యాటరీ పోయినా చెప్పే మీటరు ఎన్ని లైన్లకి ఉంది? కరెంటు లేనప్పుడు చేతి చక్రం తిప్పి తెరవాల్సిన ప్రతి వాల్వు దగ్గరికీ చీకట్లో, రక్షణ సూటు వేసుకుని, పెచ్చులూడిన మెట్ల మీదుగా ఒక మనిషిని నిజంగా పంపి చూశారా? దానికి ఎంతసేపు పట్టింది, ఆ మనిషికి ఎంత రేడియేషన్ తగులుతుంది? ఈ లెక్కలు బయటపెట్టాక కాంక్రీటు మందం గురించి తీరిగ్గా మాట్లాడుకుందాం.