క్వామే ఒన్‌వాచీ గెలుపును ఆయన వంట నుంచి విడదీయకండి

అమెరికన్ షెఫ్ క్వామే ఒన్‌వాచీ గురించి ఎవరు రాసినా, న్యూయార్క్ సబ్‌వే రైళ్లలో మిఠాయిలు అమ్మి క్యాటరింగ్ వ్యాపారానికి పెట్టుబడి కూడబెట్టుకున్న యువకుడిగానే మొదలుపెడతారు. అది నిజమే, మెచ్చుకోదగినదే. అయితే ఆ పట్టుదల ఒక్కదాన్నే చెప్పి ఊరుకుంటే, ఆయన ఏ వంట కోసం అంత పట్టుబట్టాడన్నది మరుగున పడిపోతుంది. కరీబియన్ ఇళ్లలో, వీధి కొట్లలో పెరిగిన కూరలకు ఫ్రెంచి వంటకాల సరసన సమానమైన పీట వేయించడమే ఆయన చేసిన అసలు పని అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

1989లో పుట్టి బ్రాంక్స్‌లో పెరిగిన ఆయనకు తల్లి వైపు నుంచి లూయిజియానా క్రియోల్ (ఆఫ్రికా, ఫ్రెంచి, స్పానిష్ వంటలు కలిసిన అమెరికా దక్షిణాది వంట), కరీబియన్ రుచులు, తండ్రి వైపు నుంచి నైజీరియా రుచులు వచ్చాయి. తల్లి క్యాటరింగ్ చేసేది కనుక వంటపని ఇంట్లోనే మొదలైంది. బాల్యంలో కొంతకాలం నైజీరియాలో తాతగారి దగ్గర ఉన్నాడు. 2010లో మెక్సికో గల్ఫ్‌లో చమురు బావి పేలిన తర్వాత, తెట్టు తొలగించే ఓడలో సిబ్బందికి వండిపెట్టాడు. క్యులినరీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికాలో చదువు, పర్ సే, ఎలెవెన్ మాడిసన్ పార్క్ వంటి పేరున్న వంటశాలల్లో పని ఆ తర్వాతి సంగతులు.

2016 నవంబరులో వాషింగ్టన్‌లో తెరిచిన షా బిజూ అనే రెస్టారెంట్, మనిషికి 185 డాలర్ల భోజనంతో మొదలై, మరుసటి జనవరిలోనే మూతపడింది. చాలామంది ఆయన పని అయిపోయిందనుకున్నారు. కానీ 2017లో అదే నగరంలో కిత్ అండ్ కిన్ అనే రెస్టారెంట్ నడపడానికి పూనుకున్నప్పుడు మేక మాంసం కూర, రోటీ, ఎద్దు తోక మాంసం, జోలోఫ్ అన్నం (టమాటాతో వండే పశ్చిమాఫ్రికా అన్నం) వంటి తన ఇంటి వంటలనే ముందుకు తెచ్చాడు. 2019లో అమెరికా వంట రంగంలో పేరెన్నికగన్న జేమ్స్ బియర్డ్ పురస్కారం ఆ వంటకే వచ్చింది.

ఈ వంటలోని కలయిక ఎవరో షెఫ్ సరదాకు పుట్టించినది కాదు. కరీబియన్ దీవుల్లో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చి, 1845లో కలకత్తా నుంచి భారతీయ కూలీలతో బయలుదేరిన ఫతేల్ రజాక్ ఓడ అక్కడి ట్రినిడాడ్ దీవి చేరింది. తర్వాతి కాలంలో మద్రాసు రేవు నుంచి కరీబియన్‌కు వెళ్లిన ఓడల్లో తెలుగువారూ ఉన్నారు. అక్కడి వంటగదిలో మసాలా పొడిని నీళ్లతో జారుగా కలిపి కాగిన నూనెలో పోసి, అది దగ్గరపడి నూనె తేలేదాకా వేయించి, అప్పుడు మాంసం వేస్తారు. ఆ మాంసాన్ని అంతకుముందే థైమ్ అనే సువాసన ఆకు, కొత్తిమీర వాసన వచ్చే షాడో బెనీ ఆకు, వెల్లుల్లి, ఉల్లికాడలు, ఘాటైన మిరపకాయ నూరిన ముద్దలో నానబెట్టి ఉంచుతారు. మరికొన్ని వంటకాలలో నూనెలో పంచదారను దాదాపు నల్లబడేవరకు మాడ్చి, సరిగ్గా ఆ క్షణంలో మాంసం వేస్తారు. ఒక్క క్షణం ఆలస్యమైతే వంటంతా చేదెక్కుతుంది. ఇంతటి ఒడుపున్న పనిని ఫ్రెంచి సాస్ కన్నా తక్కువగా చూడడానికి ఏ న్యాయమూ నాకు కనిపించదు.

2022లో ఆయన న్యూయార్క్‌లోని లింకన్ సెంటర్ కళాకేంద్రంలో తన అక్క పేరుతో టటియానా అనే రెస్టారెంట్ తెరిచాడు. ఆ కళాకేంద్రం కట్టడానికి శాన్ వాన్ హిల్ అనే పేటను నేలమట్టం చేసి, నల్లజాతి, ప్యూర్టోరికన్ కుటుంబాలను వేల సంఖ్యలో ఖాళీ చేయించారు. అదే నేల మీద మేక మాంసం ప్యాటీలు వడ్డించడం నన్ను నిజంగా కదిలించింది. 2023లో న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు పీట్ వెల్స్ నగరంలోని వంద ఉత్తమ రెస్టారెంట్లలో దానికి మొదటి స్థానం ఇచ్చాడు.

ఇంత జరిగాక కూడా, తోక మాంసానికి, మేక కూరకు అంత ధర ఎందుకని అడిగేవారున్నారు. ఎముక నుంచి కండ విడివడేంత మెత్తగా తోక మాంసం ఉడకాలంటే గంటల తరబడి పొయ్యి దగ్గర మనిషి ఉండాలి. పాస్తా బిల్లు చూసి నోరెత్తనివారు ఈ శ్రమకు మాత్రం బేరమాడడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.