తాబేలే కదా, సర్దుకుంటుందట!

మా బావ ఇప్పుడే వెళ్ళాడు. తలుపు గడియ పెట్టి నేరుగా ఫోన్ పట్టుకున్నా. ఒళ్ళు మండిపోతోంది, అచ్చుతప్పులుంటే మీరే సరిచేసుకుని చదువుకోండి.

నేను మొదటిసారి తాబేలును పెంచబోతున్నానని మీలో చాలామందికి తెలుసు. నాకున్నది ఒక గది, ఒక వంటిల్లు. చోటు తక్కువ కాబట్టే, అది రాకముందే అన్నీ సిద్ధం చేసుకుంటున్నా. పాత పుస్తకాల అల్మరాను వెల్లకిలా పడుకోబెట్టి, మధ్య అరల చెక్కలు ఊడబీకి, లోపల ప్లాస్టిక్ షీటు పరిచి మట్టి నింపాను. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. గదిలో నడిచే దారి దాదాపు అదే తినేసింది. మంచం గోడకు నెట్టేశా. నా ఇల్లు, నా మంచం, నా గోడ. ఎవరికైనా నొప్పా?

బావకి నొప్పి. ఒక చేపల తొట్టె చంకన పెట్టుకుని వచ్చి, దాన్ని నా మట్టి మీదే దించాడు. "ఏరా, అరచేయంత జంతువుకి శవపేటికంత పెట్టెనా? పిల్లలు చేపల సరదా తీరి పక్కన పడేసిన తొట్టె ఇది. ఇందులో వేసెయ్. తాబేలే కదా, సర్దుకుంటుంది!"

అంతటితో ఆగితే ఆయన మా బావ ఎందుకవుతాడు? "తొట్టె ఎంతుంటే అంతే పెరుగుతుందిరా, అది ప్రకృతి" అన్నాడు. ప్రకృతి ఈయనకి ఫోన్ చేసి చెప్పినట్టుంది. తొట్టెను చూసుకుని ఏ తాబేలూ పెరగడం ఆపదు. చిప్ప అంటే పైన తగిలించుకున్న మూత కాదు, వెన్నెముకా పక్కటెముకలూ కలిసిపోయిన ఎముక. ఇరుకులో పెడితే ఆ ఎముక పొదుపుగా చిన్నదైపోదు, జంతువు జబ్బు పడుతుంది. "జబ్బు పడుతుంది బావా" అంటే, "నువ్వేమైనా డాక్టరువా?" అన్నాడు. ఆయనేమో ప్రకృతి డాక్టరు!

పైగా "నీళ్ళెంత పొయ్యాలి?" అని అడిగాడు. నేను తెస్తున్నది నేల మీద బతికే తాబేలు. దానికి ఈత రాదు. లోతు నీళ్ళలో పడేస్తే మునిగి చస్తుంది. దానికి కావలసింది నడుచుకుంటూ ఎక్కి దిగే పళ్ళెమంత నీటి పాత్ర, అప్పుడప్పుడూ గడ్డం దాకా వచ్చే గోరువెచ్చని నీళ్ళలో ఓ పావుగంట కూర్చోబెట్టడం. అంతే.

గాజు తొట్టెతో ఇంకో గొడవ ఉంది. అద్దం అడ్డంగా ఉందని చాలా తాబేళ్ళకి అర్థం కాదు. అవతలంతా కనిపిస్తుంది, వెళ్ళడానికి మాత్రం కుదరదు. గోళ్ళతో గీరుతూ అదే మూలలో తిరుగుతాయి. చూసేవాళ్ళేమో "ఎంత హుషారుగా ఉందో" అని వీడియో తీస్తారు. చెక్క పెట్టె నేను షోకు కోసం పెట్టలేదు. పొడవు కూడా షోకు కోసం కాదు. తాబేలుకి ఒంట్లో సొంత వేడి పుట్టదు, బయట నుంచే తెచ్చుకోవాలి. ఒక చివర దీపం కింద 32 నుంచి 35 డిగ్రీలు ఉండాలి, రెండో చివర 20, 25 మధ్య ఉండాలి. వేడి కావాలంటే అటు, చాలనిపిస్తే ఇటు అదే నడుచుకుంటూ పోవాలి. రెండడుగుల తొట్టెలో దీపం పెడితే మొత్తం ఒకే ఎండ. ఇక నీడ ఎక్కడ? బావ జేబులోనా?

దీపం దగ్గరికొస్తే పక్క వాటా ఆంటీ కూడా తక్కువ తినలేదు. తాబేలు ఇంకా రాలేదు కదా, ఖాళీ పెట్టె మీద రోజూ దీపం వేసి థర్మామీటరు చూస్తుంటే కిటికీలోంచి చూసి, "లేని తాబేలుకి ఎండ కాస్తున్నావా బాబూ!" అని ఒకటే నవ్వు. నవ్వండి ఆంటీ. మొన్న దీపం కాస్త కిందికి దిగేసరికి కింద పెట్టిన నల్ల పలకరాయి 41 డిగ్రీలు చూపించింది. వేలు పెడితే చురుక్కుమంది. గొలుసు కొక్కెం ఒక్కో లింకూ పైకి మార్చుకుంటూ పోతే, చివరికి తాబేలు వీపు వచ్చే ఎత్తులో 34 దగ్గర నిలబడింది. ఈ కొలతలన్నీ జంతువు వచ్చాక, దాని వీపు మీద చేయాలా? క్లిప్పుతో తగిలించే దీపం ఊడి మట్టిలో పడితే గది అంటుకుంటుంది, అందుకే గొలుసు. ఇదీ నవ్వులాటేనా?

"కిటికీ పక్కన పెడితే సరిపోదూ, కరెంటు దండగ" అని బావ ఉచిత సలహా. మామూలు కిటికీ అద్దం వెలుగును రానిస్తుంది గానీ ఎండలో ఉండే యూవీబీ అనే అతినీలలోహిత కిరణాల్ని దాదాపు మొత్తం ఆపేస్తుంది. యూవీబీ లేకపోతే ఒంట్లో విటమిన్ డి3 తయారవదు, అది లేకపోతే తిన్న కాల్షియం ఎముకలకు పట్టదు. చిప్ప మెత్తబడి, కాళ్ళు వంకరపోతాయి. అందుకే వేడికి ఒక దీపం, యూవీబీకి వేరే ట్యూబు. ఆ ట్యూబు కూడా మోసగత్తె. పైకి వెలుగుతూనే ఉంటుంది, లోపల యూవీబీ మాత్రం తగ్గిపోతుంది. రకాన్ని బట్టి ఆరు నెలలకో ఏడాదికో మార్చాల్సిందే. ఇంతా చెబితే బావ ఆవులించాడు. నిజంగా ఆవులించాడు!

అసలు సంగతి చెప్పనా? ఈ "సర్దుకుంటుంది" అనే మాట నేను ఈరోజు కొత్తగా విన్నది కాదు. అక్క పెళ్ళయిన కొత్తలో ఉద్యోగం మారుతున్నానని ఈ బావే మా ఇంట్లో దిగాడు. నాలుగు రోజులన్నాడు. నెలలు గడిచాయి. ఇంట్లో ఉన్న ఒక్క చిన్న గదీ నాది, అది నా పరీక్షల ఏడాది. గది ఆయనకి పోయింది. నా చదువు బల్ల మీద ఆయన షేవింగ్ సెట్టు, నా కుర్చీ మీద ఆయన తడి తువ్వాలు. నా పుస్తకాలు గోనెసంచిలోకి ఎక్కి అటక మీదికి చేరాయి. ఒకరోజు లెక్కల పుస్తకం కోసం ఎక్కితే సగం ఎలుకలు కొట్టేశాయి. "అమ్మా, నా బల్ల..." అని నోరు తెరిచేలోపే, "ష్, అల్లుడుగారు వింటారు. వాడికేం, హాల్లో చాప వేసుకుంటాడు, సర్దుకుంటాడు" అని నాన్న. బావ లోపలి నుంచి అంతా విన్నాడు. విని, ఫ్యాను స్పీడు పెంచుకున్నాడు.

అదే వయసులో మా పిన్ని కొడుకు ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాడు కాబట్టి వాడికి గదీ వచ్చింది, గదికి తాళమూ వచ్చింది. నేను అరవలేదు. బుద్ధిమంతుడిని కదా!

తాబేలు కూడా అరవదు. కుక్కయితే మొరుగుతుంది, పిల్లి అయితే పీకి పందిరేస్తుంది. తాబేలుకి ఒంట్లో బాగోకపోతే తినడం మానేస్తుంది, ముక్కులో బుడగలొస్తాయి, ఒక మూలన కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. "ఎంత బుద్ధిగా ఉందో చూడు" అని ముచ్చటపడతారు. తేరుకునేసరికి ఆలస్యమైపోతుంది. మెయింటెనెన్స్ లేని పెంపుడు జంతువు అని దీనికి పేరు పెట్టినవాడెవడో ఒక్కసారి దొరికితే బాగుండు.

వెళ్తూ వెళ్తూ బావ ఒక ఫొటో చూపించాడు. "ఇది తీసుకోరా, ముద్దుగా ఉంది." చూస్తే సుల్కాటా అనే ఆఫ్రికా తాబేలు పిల్ల. గుడ్డులోంచి వచ్చినప్పుడు రెండంగుళాలే, నిజమే, ముద్దుగానే ఉంటుంది. పెరిగాక 45 కిలోలు దాటేవి ఎన్నో ఉంటాయి. గెలాపగోస్, ఆల్డాబ్రా తాబేళ్ళ తర్వాత ప్రపంచంలో అతి పెద్దది అదే. మీటర్ల కొద్దీ సొరంగాలు తవ్వుతుంది. మా గదిలో తవ్వితే కింది వాటావాళ్ళ వంటింట్లో తేలుతుంది. నేను తెచ్చుకుందామనుకుంటున్నది హెర్మన్స్ తాబేలు అనే చిన్న జాతి, పెరిగినా జానెడు. అదీ లైసెన్సూ కాగితాలూ సరిగ్గా ఉంటేనే. నక్షత్ర తాబేలు తెచ్చుకోమని ఇన్‌బాక్సులో రాసిన మహానుభావులకి: 2019లో దాన్ని సైటిస్ (అడవి జీవుల వ్యాపారం మీద దేశాల మధ్య ఉన్న ఒప్పందం) మొదటి అనుబంధంలోకి చేర్చారు, దేశాల మధ్య వ్యాపారమే నిషిద్ధం. దాన్ని ఇంట్లో ఉంచుకోవడమే నేరమైన చోట్లు ఉన్నాయి. "ఎవరికి తెలుస్తుందిలే" అన్నవాళ్ళని అన్‌ఫ్రెండ్ చేసేశా, వెతుక్కోకండి.

"ఎన్నాళ్ళు బతుకుతుందిలే" అని కూడా అన్నాడు. జొనాథన్ అనే తాబేలును 1882లో సెయింట్ హెలీనా ద్వీపానికి తెచ్చారు. అప్పటికే పూర్తిగా ఎదిగి ఉంది కాబట్టి 1832 ప్రాంతంలో పుట్టి ఉంటుందని అంచనా. అది పెద్ద జాతి, సరే. చిన్న జాతులు కూడా బాగా చూసుకుంటే 50 ఏళ్ళు దాటతాయి. అంటే నా తర్వాత ఎవరు చూస్తారో ఇప్పుడే చూసుకోవాలి. చూసుకున్నా కూడా. మా మేనకోడలు ఒప్పుకుంది. వాళ్ళ నాన్నకి ఇంకా చెప్పలేదు. అవును, బావకే.

తిండి విషయంలో కూడా మా వీధంతా నిపుణులే. పళ్ళు పెట్టు, అన్నం పెట్టు, కుక్కల తిండి పెట్టు. వీటికి కావలసింది పీచు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ ఉండే ఆకులు, కలుపు మొక్కలు. అందుకే మందు కొట్టని కుండీల్లో, అందరూ పీకి పారేసే మొక్కల్ని నీళ్ళు పోసి పెంచుతున్నా. దానికీ నవ్వారు. పోనివ్వండి.

"పెట్టెందుకు, ఇంట్లో వదిలెయ్, అదే తిరుగుతుంది" అనేవాళ్ళకి జవాబు చెప్పే ఓపిక లేదు. చల్లటి జారుడు గచ్చు, మంచం కింద దుమ్ము, పిన్నులు, తలుపు సందులు, మీ కాళ్ళు. ఇక మీరే ఆలోచించుకోండి.

ఇప్పుడు కామెంట్లలో ఏం వస్తుందో నాకు తెలుసు: "పాపం, ఒక్కటే ఉంటే బోర్ కొట్టదా? జత తెచ్చుకో." కొట్టదు. ఇవి ఎక్కువగా ఒంటరిగా తిరిగే జీవులు. ఇరుకు చోటులో రెంటిని పెడితే, ముఖ్యంగా మగవైతే, చిప్పలతో ఢీకొంటాయి, కాళ్ళు కొరుకుతాయి. కొట్లాట కనిపించకపోయినా, బలమైనది రెండోదాన్ని వెచ్చటి చోటుకి రానివ్వదు, తిండి దగ్గరికీ రానివ్వదు. ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటే "అబ్బ, ఎంత ప్రేమో" అని గుండె గుర్తులు పెడతారు చూడండి, చాలాసార్లు అది దీపం కింద స్థలం కబ్జా. జత గురించి ఇంకొక్కరు రాసినా బ్లాక్ చేస్తా.