‘పార్కులు, జాతరలు మున్సిపాలిటీ పని కాదు’ అన్న మెసేజ్‌లో తప్పులెన్ని?

వార్డు ఎన్నికల మాట ఎత్తితే చాలు, బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగు గ్రూపుల్లో ఒక మెసేజ్ చేతులు మారుతోంది. అందులో ఉన్నవి నాలుగు మాటలు. ఆటస్థలాలు, లైబ్రరీ, సంస్కృతి మీద కౌన్సిల్‌కి అధికారం లేదట. పార్కుకి పెట్టే ప్రతి రూపాయీ కాలువల డబ్బేనట. ఒడిశాలో తెలుగుకి ఖర్చు పెట్టడం చట్టవిరుద్ధమట. పైగా అభ్యర్థుల హామీలన్నీ ఒకటే గనక చదవనక్కర్లేదట. మొదటి మూడూ తప్పు. నాలుగోది మనకి నష్టం తెచ్చే మాట.

అధికారం సంగతి చూద్దాం. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. దాంతో వచ్చిన 12వ షెడ్యూల్‌లో మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ పనులు 18 ఉన్నాయి. పన్నెండోది పార్కులు, తోటలు, ఆటస్థలాలు. పదమూడోది సంస్కృతి, విద్య, సౌందర్యం. పంచాయతీలకి 11వ షెడ్యూల్‌లో 20వది గ్రంథాలయాలు, 21వది సాంస్కృతిక కార్యక్రమాలు. ఎంతవరకు అప్పగించాలో రాష్ట్ర చట్టం చెబుతుంది, నిజమే. అలాగని కౌన్సిల్‌కి సంబంధమే లేదనడం కుదరదు.

బరంపురంలో రెండేళ్ళకోసారి జరిగే బుఢీ ఠాకురాణీ యాత్రనే తీసుకోండి. అమ్మవారు దేశీబెహెరా వీధిలోని పుట్టింటికి వస్తుంది. పూజ, వేషాలు, మొక్కులు మన చేనేత కుటుంబాలవీ భక్తులవీ. మరి అన్ని రాత్రులూ వీధి దీపాలు, తాగునీళ్ళు, తాత్కాలిక మరుగుదొడ్లు, తెల్లారేసరికి చెత్త ఎత్తడం? అవన్నీ పట్టణ సేవలే. యాత్ర ఏ ఏడు వస్తుందో ముందే తెలుసు గనక, ఆ ఏడు బడ్జెట్‌లో దానికి పద్దు పెడతారా అని అభ్యర్థిని అడగండి.

కాలువల డబ్బు మాట ఇంకా తప్పు. పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకి 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి సిఫారసు చేసిన గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ మాత్రమే వాడాలన్నది షరతు. దాన్ని పార్కుకి మళ్ళించే వీల్లేదు. మిగతా 40 శాతం స్థానిక అవసరాలకి వాడుకోవచ్చు, జీతాలకి మాత్రం కాదు.

పార్కులు పాడయ్యేది ఈ జీతాల దగ్గరే. కట్టడానికి గ్రాంటు వస్తుంది. కాపలాదారుకి, తోటమాలికి జీతాలు ఎక్కువగా హోల్డింగ్ ట్యాక్స్ (ఇళ్ళ మీద, స్థలాల మీద పన్ను) లాంటి సొంత ఆదాయం నుంచే రావాలి. ఒక ఉయ్యాలని దగ్గరగా చూడండి. గొలుసు పైన కొండీ దగ్గర ఇనుముని ఇనుము రాసుకుంటుంది. గ్రీజు పడకపోతే బుష్ (కొండీ లోపలి చిన్న గొట్టం) అరుగుతుంది, ఆపైన కొండీ సన్నబడుతుంది, ఒకనాడు పిల్లతో సహా ఊడి పడుతుంది. నెలకోసారి చూసి, అరిగిన బుష్ మార్చే మనిషి ఉంటే ఆ ప్రమాదం ఉండదు. అందుకే ‘పార్కు కడతాం’ అన్నవాళ్ళని అడగాల్సింది ఏటా నిర్వహణకి ఎంత, ఏ పద్దు నుంచి అని.

తెలుగు మాటకొస్తే, 1954 నాటి ఒడిశా అధికార భాషా చట్టం ప్రభుత్వ వ్యవహారాల భాష గురించి. లైబ్రరీ బీరువాలో ఏ పుస్తకం ఉండాలన్నది దాని పరిధి కాదు. సొంత భాషని, లిపిని, సంస్కృతిని కాపాడుకునే హక్కు 29వ అధికరణ ఇస్తోంది. 1972లో ఏర్పడిన రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ పుస్తకాలకి సాయం చేస్తుంది. మూడడుగుల అరలు ఐదున్న ఒక ర్యాకులో సుమారు 170 పుస్తకాలు పడతాయి. తెలుగు చదివి యాక్సెషన్ రిజిస్టరులో (కొత్త పుస్తకాలు నమోదు చేసే పుస్తకంలో) ఎక్కించే మనిషి లేకపోతే మాత్రం అవి పాఠకుడి చేతికి రాకుండా తాళంలోనే ఉండిపోతాయి. పుస్తకాలు ఇస్తామన్నవాళ్ళు ఆ మనిషి మాట కూడా చెప్పాలి.

ఇక ‘హామీలన్నీ ఒకటే’ అన్న మాట. ఒకటి కావు, తేడా భూమి దగ్గర తెలిసిపోతుంది. స్టేడియం అన్నవాళ్ళని ప్లాట్ నంబరు అడిగి, ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైట్ భూలేఖ్‌లో ఖాతా తెరిచి కిసమ్, అంటే భూమి రకం, చూడండి. ‘గోచర్’ అని ఉంటే పశువుల మేత భూమి, దాన్ని మార్చడం తేలిక కాదు. ‘జలాశయ’ అని ఉంటే అది చెరువు, పూడ్చి పార్కు చేస్తామంటే ఒప్పుకోకండి. చెరువులని కాపాడాలని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. వాన నీళ్ళు ఎక్కడికి పోతాయో ఆలోచించినా చాలు.

చిన్న హామీ తరచూ గట్టి హామీ. వాలీబాల్ కోర్టు 18 మీటర్లు, 9 మీటర్లు. చుట్టూ మూడేసి మీటర్లు వదిలినా 24కి 15, అంటే సుమారు 9 డెసిమళ్ళు (సెంట్లు). కబడ్డీ కోర్టు 13కి 10. వార్డులో ఖాళీ స్థలం ఒకటి దొరికితే సరిపోతుంది. నేల చదును చేసేటప్పుడు మధ్య నుంచి అంచులకి మీటరుకి సెంటీమీటరు వాలు ఇవ్వాలి, లేకపోతే వానాకాలమంతా బురదే.

మూడు లక్షలు దాటిన పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణ చెబుతోంది. 2011 లెక్కల ప్రకారమే బరంపురం ఆ గీత దాటింది. కమిటీ సమావేశం ఏటా ఎన్నిసార్లు పెడతారో అభ్యర్థి చేత చెప్పించండి. 2022లో ఒడిశాలో చైర్మన్‌ని, మేయర్‌ని కూడా నేరుగా ఓటుతోనే ఎన్నుకున్నారు. కాబట్టి వాలీబాల్ కోర్టు, ఉయ్యాల గ్రీజు వార్డు అభ్యర్థిని అడగండి, యాత్ర పద్దు, తెలుగు ర్యాకు, లైబ్రరీ మనిషి మేయర్ లేదా చైర్మన్ అభ్యర్థిని అడగండి.