పొడుగాటి గొట్టంగారికి

మహారాజశ్రీ 26 అంగుళాల రైఫిల్ బ్యారెల్‌గారి దివ్యసముఖానికి, డల్లాస్ శివార్ల నుంచి తమరి యజమానినని భ్రమపడుతున్నవాడు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ అంతా క్షేమం, ఒక్క కుడిభుజం తప్ప. తమరు గరాజ్‌లో పాత తువ్వాలు పరుపు మీద, ఒంటికి నూనె పట్టించుకుని సుఖంగా ఉన్నారని తలుస్తాను.

నిన్నటి సంగతి తమరికి గుర్తుండే ఉంటుంది. పదకొండో తూటా. పేల్చాను. వెయ్యి గజాల అవతల టార్గెట్ కదల్లేదు. తగిలుంటే టార్గెట్ కింద గోతిలో ఉన్నవాళ్లు దాన్ని కిందికి లాగి, చిల్లులో బిళ్ల గుచ్చి మళ్లీ పైకి పంపాలి కదా. అది గుడి ముందు ధ్వజస్తంభంలా అలాగే నిలబడింది. నా వెనక మడత కుర్చీలో కూర్చుని నా స్కోరు రాస్తున్న డెబ్బై ఏళ్ల పెద్దావిడ రేడియోలో చెప్పి టార్గెట్ దింపించింది. వెతికారు. చాలాసేపే వెతికారు పాపం. టార్గెట్ ఉత్త చేతులతో పైకొచ్చింది. పెద్దావిడ పెన్సిల్ మొనను నాలిక మీద తడుపుకుని, నా కాగితం మీద 'ఎం' అని రాసింది. ఎం అంటే మిస్. మామూలుగా రాస్తే కనబడదనేమో, తడిపి మరీ రాసింది.

పక్కవాడి టార్గెట్‌కైనా తగిలిందేమోనని ఆశపడ్డాను. 1874లో న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్‌లో అమెరికాకూ ఐర్లండ్‌కూ పోటీ జరిగినప్పుడు మిల్నర్ అనే ఐరిష్ షూటర్ నాలుగు పాయింట్ల బుల్స్‌ఐ కొట్టాడు, పక్క టార్గెట్‌లో. పక్కదానికి తగిలితే సున్నాయే. ఆ సున్నాతో వాళ్లు 934 - 931 తేడాతో, అంటే సరిగ్గా మూడు పాయింట్లతో ఓడిపోయారు. నూటయాభై ఏళ్లు గడిచినా ఆయన పేరు చెప్పుకుంటున్నాం. నాకా యోగం కూడా లేదు. నా తూటా ఏ టార్గెట్‌కూ చెందకుండా మట్టిగట్టులో కలిసిపోయింది.

తమరిని తెచ్చుకున్న రోజు గుర్తుచేస్తాను. అప్పటిదాకా ఈ .308 రైఫిల్‌కి (.308 అంటే తూటా లావు, అంగుళాల్లో) ఉన్నది 20 అంగుళాల బ్యారెల్. గన్‌షాపు కౌంటర్ వెనకున్న గడ్డం కుర్రాడు దాన్ని చూసి జాలిగా పెదవి విరిచాడు. వెయ్యి గజాలు కొట్టాలంటే పొడుగు కావాలన్నాడు. ఎనిమిది వందల డాలర్ల పైచిలుకు, కూలితో కలిపి. మా ఆవిడ ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి అంగుళానికి ఎంత పడిందో లెక్కేసి, "దీనికన్నా పట్టుచీర జరీ అంచు నయం" అంది. నాన్నకు ఫోన్ చేసి వెయ్యి గజాల పోటీకి పేరిచ్చానంటే, "వెయ్యి గజాలా! ఎక్కడరా? రోడ్డు ఫేసింగేనా?" అన్నారు. ఆ మాట అప్పుడే నిజం చేసుకోవాల్సింది.

తమరి తరఫున చెప్పాల్సింది కూడా చెబుతాను, అన్యాయం చెయ్యను. మందు మండి పుట్టిన వాయువు తూటాను ఎంతసేపు నెడితే అంత వేగం. ఒకే బ్యారెల్‌ను అంగుళం అంగుళం కోసుకుంటూ వేగం కొలిచిన మహానుభావులున్నారు. .308లో అంగుళానికి సెకనుకు ఓ పాతిక అడుగులు, అటూఇటూ. ఆరంగుళాలకు నూటయాభై. వెయ్యి గజాలు చేరేసరికి .308 తూటా ఆయాసపడుతూ ధ్వని వేగం దాకా దిగివస్తుంది, అక్కడ దానికి ఊగిసలాట మొదలవుతుంది. కాబట్టి నూటయాభై అంటే ఊరికే పోయేదేం కాదు. తమరి చిన్నతమ్ముడు .22కైతే ఆ గొడవే లేదు. పదహారు, పద్దెనిమిది అంగుళాలకే దాని మందు అయిపోతుంది, ఆపైన ఉన్నదంతా రాపిడే.

సరే, నూటయాభై ఇచ్చారు. ఇప్పుడు నా లెక్క వినండి. రాత్రంతా ఇదే లెక్క వేశాను.

తూటా కిందికి పడేది ముప్ఫై అడుగులైనా బాధ లేదు. స్కోపు మీద, అంటే గురి చూసే దుర్బిణి మీద, గుండీ తిప్పితే సరిపోతుంది. గుండీకి ఖర్చు లేదు. తిప్పి నమ్మడానికి వీల్లేనిది గాలి. నీతో, అంటే తమరితో, అడ్డంగా వీచే గంటకు మైలు గాలికి తూటా ఇంచుమించు ఎనిమిది అంగుళాలు జరుగుతుంది. పాత 20 అంగుళాలదానితో తొమ్మిది. తేడా ఒక్క అంగుళం. నేను ఎడమవైపు నుంచి ఆరు మైళ్ల గాలి అనుకుని సర్దుకుని నొక్కాను. నొక్కేసరికి గాలి చచ్చింది. ఆరెనిమిదులు నలభై ఎనిమిది. టార్గెట్ చట్రం వెడల్పు ఆరడుగులు, మధ్య నుంచి అంచుకు ముప్ఫై ఆరంగుళాలు. అంటే అడుగు బయటికి పోయింది. పాతదైతే యాభై నాలుగు, అడుగున్నర బయటికి పోయేది.

ఇదీ నీ ఘనకార్యం! ఎనిమిది వందల డాలర్లు తగలేసి నేను కొనుక్కున్నదేమిటంటే, అడుగున్నర దూరంలో తప్పాల్సినవాణ్ని అడుగు దూరంలో తప్పాను. ఆ ఆరంగుళాల తేడాకి పెద్దావిడ పెన్సిల్‌లో వేరే అక్షరమేమైనా ఉందా? ఎం అంటే ఎమ్మే. పెద్ద గొట్టంగాడిలా షోకేసులో నిగనిగలాడుతూ నిలబడ్డావే, ఆ రోజే చెప్పొచ్చుగా, "బాబూ, నేనిచ్చే వేగమంతా కలిపినా నీ గాలి లెక్కలో ఒక్క మైలు పొరపాటుకు కూడా చాలదు, నువ్వేమో ఆరు మైళ్లు తప్పే ఘనుడివి" అని? చెప్పవు. మంచి ఉక్కు అన్నారుగానీ నోరున్న ఉక్కు అనలేదు.

నువ్వు పొడుగైనకొద్దీ గురి పెరుగుతుందన్న పుకారు ఎవరు పుట్టించారో వాణ్ని నీకే కట్టి ఊరేగించాలి. స్కోపులు లేని రోజుల్లో ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య దూరం కోసం పొడుగు పనికొచ్చింది, ఒప్పుకుంటాను. నీ నెత్తిన స్కోపుంది కదా! మందం మార్చకుండా 20 నుంచి 26కి సాగదీస్తే బ్యారెల్ కొసన అదే బరువుకు రెండింతల పైనే వంగుతుంది. పొట్టివాడు గట్టివాడని మా అమ్మమ్మ అంటుంటే సామెత అనుకున్నాను, ఇంజినీరింగ్ అనుకోలేదు.

పోటీల్లో నెగ్గేవాళ్లు ముప్ఫై అంగుళాలవి వాడరా అంటావు. వాడతారు, రోకలి అంత లావువి వాడతారు. గాలిని మైలు లోపు చదవగలవాళ్లు చివరి అంగుళం కోసం కొట్టుకుంటారు, వాళ్లకు చెల్లింది.

నా తర్వాత, స్కోరు రాసిన ఆ పెద్దావిడ వంతు. నేను స్కోరు రాయాలి. ఆవిడ రైఫిల్‌కున్నది పొట్టి బ్యారెల్, ఇరవై. భుజానికి ఆనించే పిడి చెక్క అరిగిపోయిన చోట ఇన్సులేషన్ టేపు. ఆవిడ గాలి చూపే జెండాలకేసి పెద్దగా చూడలేదు. పక్కనున్న స్పాటింగ్ స్కోపు (దూరంగా చూసే దుర్బిణి) ఫోకస్‌ను టార్గెట్‌కు కొంచెం ఇవతలికి తెచ్చి ఎండమావులు చూసింది. గాలి ఎటు వీస్తే అవి అటు పారతాయి. పారుతుంటే చూసింది. నేరుగా పైకి కుతకుతమంటుంటే ఆగింది. మళ్లీ పారడం మొదలవగానే పేల్చింది. మనవాళ్లు ఎండమావుల్లో నీళ్లు వెతికి మోసపోయారని పద్యాలు చదువుకున్నాం. గాలి వెతుక్కోవాలని ఏ మాస్టారూ చెప్పలేదు. ఇరవై తూటాలకు ఆవిడకు నూటతొంభై దాటింది. నేను రాసిన అంకెలన్నీ తొమ్మిదులూ పదులే, రాసి రాసి విసుగొచ్చింది. లేస్తూ నిన్ను తలనుంచి తోకదాకా చూసి, "అందంగా ఉంది, హనీ" అంది. అవమానం ఇంకెలా ఉంటుంది!

ఇక నీ మిగతా ఉపకారాలు. బీరువాలో పట్టవు. నీ కొసకు తగిలించిన మజిల్ బ్రేక్ (వాయువును పక్కలకు చిమ్మే తొడుగు) దెబ్బకు పక్కన పేల్చేవాడు రెండు పోటీల నుంచి నాకు గుడ్‌మార్నింగ్ చెప్పడం మానేశాడు. కారు డిక్కీలో అడ్డంగా పట్టవని వెనక సీటు మడిస్తే, పిల్లాడి బూస్టర్ సీటు ముందుకొచ్చింది, పిల్లాడు ఇంట్లో ఉన్నాడు, వాడి పుట్టినరోజు పార్టీకి కేకు వేరే కారులో వచ్చింది.

రాత్రి నిన్ను కోసేద్దామనే నిశ్చయించుకున్నాను. గన్‌స్మిత్‌కు మెసేజ్ పెట్టాను. కోసి కొన మళ్లీ చెక్కిస్తానన్నాడు, "కానీ కోశాక అతకదు" అని నవ్వు బొమ్మ కూడా పెట్టాడు. సరే, పంపేముందు శుభ్రం చేద్దామని బోల్ట్ తీసి, వెనక నుంచి టార్చి వెలుగులో లోపలికి చూశాను. పది అంగుళాలకో చుట్టు చొప్పున, ఇంచుమించు రెండున్నర చుట్లు, తూటాను తిప్పే గాడులన్నీ మెలి తిరుగుతూ చివర చిన్న వెలుగు చుక్కలో కలుస్తున్నాయి. నిన్నటి మసి ఒక్క గుడ్డ ముక్కకే వచ్చేసింది. లోపల గీత లేదు, మచ్చ లేదు. తప్పు నీలో ఎక్కడుందోనని చాలాసేపు చూశాను.

గన్‌స్మిత్‌కు ఇంకా జవాబివ్వలేదు. వచ్చే నెల రెండో శనివారం మళ్లీ పోటీ. ఆ పెద్దావిడ పక్కనే చోటు అడిగాను, ఆవిడ ఎటు చూస్తే అటు చూడ్డానికి. కారులో వెనక సీటు మడిచే ఉంది, ఎత్తలేదు.

ఇట్లు,
అడుగు దూరంలో తప్పినవాడు